పాత ఎస్టేట్ కారుకు వ్యాన్ టైర్లు ఎలా వేయించుకోవాలి

సెప్టెంబరు వచ్చిందంటే మా ఇంటి ముందున్న పాత వోల్వో 240 ఎస్టేట్‌కి తీరిక ఉండదు. ఇంగ్లండుకి కొత్తగా చదువుకోవడానికి వచ్చే పిల్లల్ని లండన్ హీత్రూ విమానాశ్రయం నుంచి తీసుకురావాలి. ఒక్కొక్కరికి 23 కిలోల సూట్‌కేసులు రెండు, చేతిలో ఏడు కిలోల బ్యాగు ఒకటి. ఆ బ్యాగు ఎత్తితే లోపల ప్రెషర్ కుక్కర్ ఉందేమో అనిపిస్తుంది. ఒక్కోసారి నిజంగానే ఉంటుంది. ముగ్గురు పిల్లలూ నేనూ, మనిషికి 75 కిలోల చొప్పున 300. సూట్‌కేసులు ఆరు, 138. చేతి బ్యాగులు 21. మొత్తం 459 కిలోలు. ఈ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది.

ఇండియాలో చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. ఎస్టేట్ అంటే డిక్కీ విడిగా పొడుచుకు రాకుండా, టాపు చివరిదాకా సాగి, వెనక పెద్ద తలుపున్న కారు. మన దగ్గర టాటా ఇండిగో మరీనా అలాంటిదే. బరువు మోయడానికే పుట్టిన బండి కాబట్టి దీనికి వ్యాన్ టైర్లు వేద్దామన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు. నాకు వచ్చింది, వేయించాను, మొదటిసారి తప్పుగా వేయించాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను. నా కారు 240 కాబట్టి లెక్కలు దానికి దగ్గరగా ఉంటాయి. మీది వేరే బండి అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

ముందు, మీకు అసలు ఇవి అవసరమా?

వ్యాన్ టైరు వేస్తే కారు ఎక్కువ బరువు మోయగలదు అనుకుంటే ఇక్కడే ఆగిపోండి. కారు ఎంత మోయాలో తేల్చేది స్ప్రింగులు, బ్రేకులు, ఇరుసు, బాడీ. టైరు వాటిలో ఒకటి మాత్రమే. నాలుగు టన్నుల టైరు వేసినా, కారుకి కంపెనీ బిగించిన బరువుల ప్లేటు మీద ఉన్న అంకె పెరగదు.

మరి ఎందుకు వేస్తారు? రెండు కారణాలు. ఒకటి, పాత సైజులు. 1974 నుంచి 1993 వరకు తయారైన 240లో చాలా ఎస్టేట్లకు 185 ఆర్ 14 సైజు వచ్చేది. ఇప్పుడు కార్ల టైర్లలో ఆ సైజు వెతుక్కోవాలి. అదే సైజు చివర 'సీ' అక్షరంతో, అంటే వ్యాన్ టైరుగా, తేలిగ్గా దొరుకుతుంది. రెండు, తరచూ నిండుగా లోడు వేసేవాళ్లకు గట్టి పక్కగోడలున్న టైరు నయం. లోడుతో మలుపు తిరిగేటప్పుడు కారు ఊగడం తగ్గుతుంది. ఫుట్‌పాత్ అంచుకి రాసుకున్నా తొందరగా చిరగదు.

కారు ఎప్పుడూ ఖాళీగా ఆఫీసుకీ ఇంటికీ మాత్రమే తిరుగుతుంటే వద్దు. ఖాళీ కారు మీద వ్యాన్ టైరు చెక్క చక్రంలా ఉంటుంది. వాన రోడ్డు మీద పట్టు కూడా మంచి కారు టైరంత ఉండదు. 240 లాంటి వెనక చక్రాల డ్రైవ్ బండిలో తడిసిన రౌండబౌట్ దగ్గర కాస్త ఎక్కువగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ తేడా ఏమిటో నడుముకే తెలుస్తుంది. బ్రిటన్లో తడవని రౌండబౌట్ ఎక్కడుంది?

కొన్ని కార్లకు ఇంకో దారి ఉంది. మీ సైజులోనే 'రీఇన్‌ఫోర్స్‌డ్' లేదా 'ఎక్స్‌ఎల్' అని రాసిన కారు టైరు దొరికితే అదే తీసుకోండి. ఉదాహరణకి 195/65 ఆర్ 15 మామూలు టైరు లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు ఎంత మోయగలదో చెప్పే అంకె) 91, అంటే 615 కిలోలు. అదే సైజు ఎక్స్‌ఎల్ అయితే 95, అంటే 690 కిలోలు. ఆ తేడా చాలామందికి సరిపోతుంది. వ్యాన్ టైరు కష్టాలేవీ ఉండవు.

1. ప్లేటు చదవండి

బానెట్ కిందో, డ్రైవర్ తలుపు దగ్గరో ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీద వరసగా నాలుగు బరువులు ఉంటాయి. మొదటిది మనుషులు, సామానుతో కలిపి కారు మొత్తం ఎంత ఉండొచ్చో చెబుతుంది. రెండోది ట్రైలర్‌తో కలిపి. మూడోది ముందు ఇరుసు మీద, నాలుగోది వెనక ఇరుసు మీద గరిష్ఠంగా పడగల బరువు. మనకి కావాల్సింది చివరి రెండూ. ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, టైర్ల షాపులో పనికొస్తుంది.

లెక్క కోసం వెనక ఇరుసు 1000 కిలోలు అనుకుందాం. ఒక్కో టైరు మీద 500. ముందు ఇరుసు 850 అయితే ఒక్కో టైరుకి 425. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, గాలి దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ వస్తాయి.

టైరు గాలి, సైజుల స్టిక్కరు వేరే ఉంటుంది. పాత కార్లలో పెట్రోలు ట్యాంకు మూత లోపలో, తలుపు అంచునో అతికిస్తారు. వెలిసిపోయి ఉంటే యజమాని మాన్యువల్ చూడండి. మనకంటే ముందు ఆ కారు వాడినవాళ్లు ఏ సైజు వేశారో చూసి అదే ఒరిజినల్ అనుకోకండి. నేను కొన్నప్పుడు నా కారుకి రెండు రకాల టైర్లు ఉన్నాయి, రెండూ తప్పు సైజే.

2. టైరు మీది రాత చదవండి

185 ఆర్ 14 సీ 102/100 ఆర్. ఇలా ఉంటుంది వరస.

185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. ఆర్ అంటే రేడియల్, 14 రిమ్ము అంగుళాలు. సీ అంటే కమర్షియల్. ఇండియాలో ఇలాంటి టైర్ల మీద ఎల్‌టీ అని ఉంటుంది. మన ఊళ్లో ఓమ్నీకి, ఈకోకి వేసేవి అవే. 8 పీఆర్ అని కూడా కనిపిస్తుంది. 'ఎయిట్ ప్లై' అని షాపులో గొప్పగా చెబుతారు గానీ లోపల ఎనిమిది పొరలు ఉండవు. పాతకాలం ఎనిమిది పొరల టైరంత బలం అని అర్థం, అంతే.

102/100లో మొదటిది ఒక్క చక్రంగా వాడినప్పుడు మోసే బరువు, అంటే 850 కిలోలు. రెండోది లారీలా జంట చక్రాలుగా బిగించినప్పుడు ఒక్కో టైరు మోసేది, 800 కిలోలు. కారుకి మొదటిదే లెక్క.

చివరి అక్షరం వేగం. ఎన్ అంటే గంటకి 140 కిలోమీటర్లు, పీ 150, క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టీ 190. ఇది మీరు నడిపే వేగానికి కాదు, కారు వెళ్లగల గరిష్ఠ వేగానికి సరిపోవాలి. 'నేను 70 మైళ్లు దాటను కదా' అన్న వాదన ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర నిలబడదు. మాన్యువల్‌లో మీ ఇంజను గరిష్ఠ వేగం ఎంతో చూసి, దానికి పైనున్న అక్షరం ఉన్న టైరే అడగండి. ఒకే సైజు సీ టైరులో కూడా కంపెనీని బట్టి అక్షరం మారుతుంది, కాబట్టి వెతికితే దొరుకుతుంది.

ఇక ఎక్కువమంది గమనించనిది. 185 ఆర్ 14 సీ ట్రైలర్లకూ ఎక్కువగా వాడే సైజు. పక్కగోడ మీద ఎఫ్‌ఆర్‌టీ అని మూడు అక్షరాలు ఉంటే అది ట్రైలర్‌కి మాత్రమే. స్టీరింగ్ తిరిగే చక్రానికి గానీ, ఇంజను తిప్పే చక్రానికి గానీ దాన్ని వేయకూడదు. ధర చాలా తక్కువ కనిపిస్తే ముందు ఆ అక్షరాల కోసమే వెతకండి.

తయారీ తేదీ కూడా అక్కడే ఉంటుంది. డీఓటీ అక్షరాల తర్వాత చివర నాలుగంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ అమ్ముడయ్యే సైజు కాబట్టి గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు అంటగట్టే అవకాశం ఉంది. బ్రిటన్లో 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడటం నిషేధం. కార్లకు ఆ నిబంధన లేదు. అయినా నేను రెండేళ్లు దాటిన 'కొత్త' టైరు తీసుకోను.

కొత్త టైరుతో వచ్చే రంగుల లేబుల్‌లో వాన రోడ్డు పట్టుకు ఏ, బీ, సీ అని గ్రేడు ఉంటుంది. కారు టైర్లకు ఒక కొలబద్ద, వ్యాన్ టైర్లకు ఇంకొక కొలబద్ద. వ్యాన్ టైరు 'బీ'ని కారు టైరు 'బీ'తో పోల్చకండి. వ్యాన్ టైర్లలోనే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చుకుని, వాన పట్టులో పైగ్రేడు ఉన్నది ఎంచుకోండి. ఇక్కడ మాత్రం నేను డబ్బు చూసుకోను.

3. పడుతుందా లేదా కొలుచుకోండి

సైజు ఒరిజినలే అయితే ఈ మెట్టు దాదాపు దాటేయొచ్చు. 240 పద్నాలుగు అంగుళాల రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు, 185 ఆర్ 14 సీకి అది సరిపోతుంది.

సైజు మారితే లెక్క వేయాలి. పాత స్కోడా ఆక్టేవియా ఎస్టేట్ తీసుకోండి. 195/65 ఆర్ 15 టైరు ఎత్తు ఎంత? రిమ్ము 15ని 25.4తో గుణిస్తే 381 మిల్లీమీటర్లు. గోడ ఎత్తు 195లో 65 శాతం, రెండు వైపులా కలిపి 253.5. మొత్తం 634.5. ఇప్పుడు వ్యాన్లకి దొరికే 195/70 ఆర్ 15 సీ వేస్తే 381కి 273 కలిపి 654. అంటే మూడు శాతం పెరిగింది. స్పీడోమీటరు 70 చూపిస్తుంటే నిజంగా 72 దాటి పోతుంటారు. బ్రిటన్ చట్టం ప్రకారం స్పీడోమీటరు ఎక్కువ చూపించొచ్చు గానీ నిజం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. చాలా కార్లలో మీటరు ముందే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ఆ వెసులుబాటులో మూడు శాతం సర్దుకోవచ్చు. కానీ ఫోనులో జీపీఎస్ పెట్టుకుని సరిచూడకుండా నమ్మకండి.

ఎత్తు పెరిగితే తగిలే చోట్లు కూడా చూడాలి. స్టీరింగ్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పి, ముందు టైరుకీ స్ప్రింగు కప్పుకీ మధ్య వేలు పట్టాలి. వెనక డిక్కీలో నలుగురిని కూర్చోబెట్టి (పిల్లలకి ఇది భలే సరదా, పెద్దవాళ్లు కాస్త గొణుగుతారు) చక్రం పైన ఎంత సందు మిగిలిందో చూడండి. స్టెప్నీ గుంటలో కొత్త సైజు పడుతుందో లేదో షాపుకి వెళ్లేముందే టేపుతో కొలవండి. టైరు కొన్నాక తెలిస్తే ఆ స్టెప్నీ జీవితాంతం సామాను మధ్యలోనే దొర్లుతుంది.

4. ఇన్సూరెన్సుకి ఫోన్ చేయండి

ఒరిజినల్ సైజు, అంతకంటే ఎక్కువ లోడ్ ఇండెక్స్, సరిపడా వేగం అక్షరం. ఈ మూడూ ఉన్నాయని చెప్పండి, వాళ్లు సరేనన్న మాట ఈమెయిల్‌లో తీసుకోండి. సైజు మారితే తప్పనిసరిగా చెప్పాలి. ఎంఓటీ (ఇక్కడ కార్లకు ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) పాసైందంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టేనని అనుకోవద్దు. ఆ పరీక్ష ఆ రోజు కనిపించే పరిస్థితిని మాత్రమే చూస్తుంది.

పనిలో పని, చట్టం గురించి ఇంకొకటి. టైరు మధ్యలో నాలుగింట మూడొంతుల వెడల్పు మీద, చుట్టూతా, గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. తగ్గితే ఒక్కో టైరుకి 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. నాలుగూ గుండైపోయి ఉంటే లెక్క మీరే వేసుకోండి.

5. చక్రాలు విప్పడం

చక్రాలు విప్పి షాపుకి తీసుకెళ్లడమే నాకు ఇష్టం. ఎందుకంటే పాత కారు జాకీ ఎక్కడ పెట్టాలో షాపు కుర్రాడికి తెలియదు. తుప్పు పట్టిన చోట జాకీ పెట్టి కారు అడుగు నొక్కేసిన సంగతి పాత కార్లవాళ్లందరి దగ్గరా ఒకటుంటుంది.

చదునైన చోట కారు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు వైపు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. కారు నేల మీద ఉండగానే వీల్ పానాతో నట్లు ఒక్క చుట్టు వదులు చేయండి. జాకీతో లేపాక, కింద యాక్సిల్ స్టాండ్ పెట్టాకే చక్రం తీయండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద చేయి పెట్టకండి. రెండు చక్రాలు విప్పి రెండు స్టాండ్ల మీద నిలిపితే చాలు, నాలుగూ ఒకేసారి గాలిలో ఉంచక్కర్లేదు. రెండు విడతలుగా షాపుకి వెళ్లడానికి పక్కింటివాళ్ల కారు కావాలి. అందుకు ఓ డబ్బా జంతికలు సిద్ధం చేసుకోండి.

విప్పాక హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) ముఖం, రిమ్ము వెనక భాగం వైరు బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. టైరు అంచు కూర్చునే చోట తుప్పు పొలుసులుంటే గాలి నెమ్మదిగా దిగిపోతూ ఉంటుంది. పాత టైరు తీశాక షాపులోనే ఆ అంచుని గీకమని అడగండి. చాలామంది అడిగితేనే చేస్తారు.

6. షాపులో

వ్యాన్ టైరు పక్కగోడ మొండిది. ఇంట్లో లీవర్లతో ఎక్కించే సాహసం చేయకండి. రిమ్ము అంచు వంగుతుంది, చేతి వేళ్లు నలుగుతాయి. మెషీన్ మీదే ఎక్కించాలి.

నాలుగూ ఒకే రకం వేయించండి. ముందు కారు టైర్లు, వెనక వ్యాన్ టైర్లు వేయడం రెండూ రేడియల్ అయితే చట్టానికి విరుద్ధం కాదు. కానీ ముందు మెత్తగా, వెనక గట్టిగా ఉన్న కారు మలుపులో ఒక్కో చోట ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. ఒకే ఇరుసు మీద మాత్రం రెండు రకాలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వాల్వులు కొత్తవి వేయించండి. కార్లకు మామూలుగా వేసే రబ్బరు వాల్వు, టీఆర్ 413, 65 పీఎస్ఐ గాలి వరకే పనికొస్తుంది. మనం అంత గాలి పెట్టం గానీ, పాతబడి పగుళ్లిచ్చిన వాల్వు మీద కొత్త టైరు వేయడం శుభ్రంగా స్నానం చేసి మాసిన చొక్కా తొడుక్కోవడం లాంటిది. అడిగితే అదే కన్నానికి సరిపోయే ఎక్కువ గాలికి తట్టుకునే వాల్వు, టీఆర్ 600 హెచ్‌పీ, వేస్తారు. తేడా కొన్ని పెన్నీలే.

బ్యాలెన్సింగ్ తప్పకుండా చేయించండి. ట్రైలర్ టైర్లు అలవాటైన షాపుల్లో దీన్ని వదిలేస్తారు. యాభై మైళ్ల వేగం దగ్గర స్టీరింగ్ వణికినప్పుడు మీకే తెలుస్తుంది.

7. గాలి, అసలు సంగతి ఇక్కడే ఉంది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, రెండు రకాలుగా.

నాది మొదటి రకం. టైర్లు మార్పించిన షాపులో పక్కగోడ మీద '65 పీఎస్ఐ' అని చూసి కుర్రాడు నాలుగింటికీ అంతే కొట్టేశాడు. అది ఆ టైరు 850 కిలోలు మోయడానికి కావలసిన గాలి, నా కారుకి కావలసింది కాదు. మర్నాడే ఉగాది. కమ్యూనిటీ హాలుకి పులిహోర, సాంబారు గుండిగలు వెనక పెట్టుకుని బయల్దేరాం. మా వీధి చివరనున్న స్పీడ్ బంపు దాటగానే కారు బంతిలా ఎగిరింది. సాంబారు గుండిగ మూత ఎగిరి, రెండో ఎగురుకి సాంబారు కార్పెట్ మీదికి వచ్చింది. రెండు నెలలపాటు కారు తలుపు తీస్తే ఇంగువ, మునక్కాడల వాసన. అది నవ్వుకునే విషయం. అదే గాలితో వానలో గట్టిగా బ్రేకు కొట్టి ఉంటే నవ్వు ఉండేది కాదు. ఎక్కువ గాలికి టైరు ఉబ్బి, మధ్య పట్టీ మాత్రమే రోడ్డుకి ఆనుతుంది.

రెండో రకం తప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది తప్పులా కనిపించదు. 'టైరు గట్టిదే కదా' అని కారు స్టిక్కరు మీదున్న పాత గాలే పెట్టి వదిలేయడం. అప్పుడు ఏం జరుగుతుందో చూడండి.

లోడ్ ఇండెక్స్ 90 ఉన్న కారు టైరు 2.5 బార్, అంటే 36 పీఎస్ఐ గాలికే 600 కిలోలు మోస్తుంది. 102 ఉన్న వ్యాన్ టైరు 850 కిలోలు మోయాలంటే 4.5 బార్ కావాలి. గాలి తగ్గితే మోసే బరువూ తగ్గుతుంది. 3 బార్ దగ్గర ఆ వ్యాన్ టైరు మోసేది సుమారు 615 కిలోలు. 2.5 దగ్గర సుమారు 530. 2 బార్‌కి దించితే 440 చుట్టూ మాత్రమే. అదే 2 బార్ దగ్గర పాత కారు టైరు 500 దాకా మోసేది!

అంటే ఒకే గాలి పెడితే వ్యాన్ టైరు కారు టైరు కంటే తక్కువ మోస్తుంది. వ్యాన్ టైరు బలమంతా అందులో పట్టే గాలిది. గాలి తక్కువైతే ఆ మందపాటి గోడ ప్రతి చుట్టుకీ వంగి, లోపల వేడెక్కి, చివరికి పొరలు విడిపోతాయి. పైకి చూస్తే గోడ గట్టిగా నిలబడే ఉంటుంది కాబట్టి గాలి తక్కువైందని కంటికి తెలియదు. కాలితో తన్ని చూసే మన పద్ధతి ఇక్కడ అస్సలు పనికిరాదు, గేజ్ కావాలి.

పై అంకెలు టైరు ఇంజనీర్లు వాడే మామూలు సూత్రంతో వేసినవి: పెట్టిన గాలికీ గరిష్ఠ గాలికీ ఉన్న నిష్పత్తిని 0.8 ఘాతానికి హెచ్చించి, గరిష్ఠ లోడుతో గుణించడం. మీ టైరు కంపెనీ గాలి, లోడుల పట్టిక ఇస్తే దాన్నే పాటించండి.

ఇప్పుడు మన అంకెలకి వద్దాం. వెనక ఒక్కో టైరు మీద గరిష్ఠంగా 500. పది శాతం వెసులుబాటు కలిపితే 550. దానికి ఈ టైరుకి 2.6 బార్ కావాలి. నేను ఇంకాస్త కలిపి, నిండు లోడుకి వెనక 2.8 బార్, అంటే 41 పీఎస్ఐ పెడతాను. ముందు 425 కిలోలకు 1.9 సరిపోతుందని లెక్క చెబుతుంది, వెసులుబాటుతో 2.3 బార్, అంటే 33 పీఎస్ఐ. ఖాళీగా తిరిగేటప్పుడు వెనక కూడా 2.3కి దించుతాను. మోటుగా చెప్పాలంటే, కంపెనీ స్టిక్కరు మీద ఉన్నదానికి 0.3 నుంచి 0.5 బార్ కలిపిన దగ్గర మీ అంకె వస్తుంది. లెక్క అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తే మీరు కారుకి మించిన బరువు వేస్తున్నారని అర్థం.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పెట్రోలు బంకు దాకా పది మైళ్లు పోయి చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఇంట్లో పన్నెండు వోల్టుల చిన్న పంపు ఒకటి ఉంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

8. సుద్దముక్కతో సరిచూడటం

లెక్క కాగితం మీద బాగుంటుంది. రోడ్డు మీద ఎలా ఉందో చూడటానికి ముగ్గు సుద్దముక్క చాలు. టైరు గాళ్ల మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మందంగా ఒక గీత గీయండి. పొడి రోడ్డు మీద, తిన్నగా, ఓ రెండు మూడు వందల అడుగులు నెమ్మదిగా నడిపి దిగి చూడండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. రెండు అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. మొత్తం సమంగా చెరగాలి. ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో చేయండి. కానీ ఖాళీ కారులో గీత సమంగా చెరగాలని గాలి మరీ దించుకుంటూ పోవద్దు. ముందు లెక్క, తర్వాతే సుద్దముక్క.

మొదటిసారి హీత్రూ నుంచి నిండు లోడుతో వస్తూ దారిలో సర్వీసెస్ (మోటార్‌వే పక్కన ఆగే చోటు) దగ్గర ఆగి, నాలుగు టైర్లనూ అరచేత్తో తాకి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, ఎడమ వెనకది మాత్రం చేయి పెట్టలేనంత వేడి. పిల్లలు నిద్రకళ్లతో కాఫీ కోసం లోపలికి వెళ్తే నేను పార్కింగ్‌లో మోకాళ్ల మీద గేజ్ పట్టుకుని కూర్చున్నాను. వాల్వు నుంచి సన్నగా గాలి పోతోంది. అప్పటికి పాత వాల్వులే ఉన్నాయి. ఆరో మెట్టులో వాల్వుల గురించి అంతగా ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసిందిగా.

9. మొదటి వారం

చక్రాలు బిగించేటప్పుడు నట్లు ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, ఎదురెదురుగా నక్షత్రం గీసినట్టు బిగించండి. చివరి బిగింపు కారు నేల మీదికి దించాక, టార్క్ పానాతో (ఎంత గట్టిగా బిగించామో చూపించే పానా), మాన్యువల్‌లో ఉన్న అంకెకి. యాభై మైళ్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. గీకి శుభ్రం చేసిన హబ్ మీద చక్రం సర్దుకుంటుంది, నట్లు ఇంకాస్త బిగింపు తీసుకోవచ్చు.

కొత్త టైరు పైన అచ్చు నుంచి తీయడానికి పూసిన జారుడు పొర ఉంటుంది. మొదటి వంద మైళ్లు మలుపుల్లో, బ్రేకుల్లో నిదానంగా వెళ్లండి. తర్వాత ఒక వాన రోజు ఖాళీ పార్కింగ్ చోటు చూసుకుని, తక్కువ వేగంలో గట్టిగా బ్రేకు వేసి కారు ఎంత దూరంలో ఆగుతుందో కాలికి అలవాటు చేసుకోండి. పాత 240ల్లో చాలావాటికి ఏబీఎస్ ఉండదు, చక్రం ఎక్కడ పట్టేస్తుందో మీ కాలికే తెలియాలి.

స్టెప్నీ మర్చిపోకండి. అందులో పాత కారు టైరే ఉంటే, అది ఇల్లు చేరడానికి మాత్రమే, నిండు లోడుతో మోటార్‌వే మీద కాదు. కుదిరితే ఐదో టైరు కూడా అదే కొనండి. స్టెప్నీలో ఎప్పుడూ నిండు లోడు గాలి ఉంచండి. అవసరమైతే దించడం తేలిక, రోడ్డు పక్కన చీకట్లో పెంచడం కష్టం.

ఆఖరుగా, ఒక చిన్న కాగితం మీద 'ముందు 33, వెనక ఖాళీ 33, లోడు 41' అని మీ అంకెలు రాసి పారదర్శక టేపుతో డ్రైవర్ తలుపు లోపలి అంచుకి అంటించండి. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ గ్యారేజీవాళ్లు మర్యాదగా గాలి చూసి, కంపెనీ స్టిక్కరు ప్రకారం తగ్గించి పంపుతారు. నాది మొదట తెలుగులో రాసి అంటించాను. వాళ్లకి అర్థం కాలేదు. ఇప్పుడు పక్కనే ఇంగ్లిషులో కూడా ఉంది, అయినా సర్వీసు నుంచి వచ్చిన సాయంత్రం గేజ్ తీసుకుని నాలుగూ చూసుకుంటాను.